పెద్ద మేస్త్రి చేతి బండి

ఆ కార్ల రిపేరు షెడ్డులో అన్నదమ్ములిద్దరు పనిచేసేవారు. అన్నను అందరూ పెద్ద మేస్త్రి అనేవారు, తమ్ముణ్ణి చిన్న మేస్త్రి. నలభై ఆరేళ్లు వచ్చి, సగం జుట్టు నెరిసినా ఆ 'చిన్న' అతన్ని వదల్లేదు. అతనికీ దాన్ని వదిలించుకోవాలని లేదు. పదమూడో ఏట అమ్మా నాన్నా పోయాక అన్న పంచన చేరినవాడు. పానా పట్టుకోవడం దగ్గర్నుంచి గడ్డం గీసుకోవడం దాకా అన్నే నేర్పాడు. వదిన చేతి భోజనం తిని పెరిగాడు. పెళ్లి మాటెత్తితే నవ్వి తప్పించుకుని, షెడ్డు పైనున్న గదిలోనే ఉండిపోయాడు.

ఇంజన్ విప్పి బిగించే పనులు పెద్ద మేస్త్రి తమ్ముడికే వదిలేసేవాడు. ఆయన పేరు మోగింది ఆయిల్ మార్చడంలో. కొత్తగా వచ్చినవాళ్లకు అది నవ్వులాటగా ఉండేది. బోల్టు విప్పితే పాతది పోతుంది, మూత తీసి పోస్తే కొత్తది నిండుతుంది, ఇదీ ఒక పనేనా అనుకునేవారు. ఆయన కోపగించుకోకుండా వాళ్లను బండి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టేవాడు.

"ఆయిల్ అంటే మండేది కాదండీ. ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా మధ్యలో కూర్చునే పెద్దమనిషి. ఆ పెద్దమనిషి లేచి వెళ్లిపోయాడనుకోండి, రెండూ ఒకదాన్నొకటి కొరుక్కుని చస్తాయి. నల్లబడిందని తిట్టకండి. లోపలి మురికిని తన ఒంటికి పూసుకుంది కాబట్టే నల్లబడింది. అలా పూసుకుని పూసుకుని ఇక తన వల్ల కాదనేలోపు మార్చెయ్యాలి, అంతే. పాలల్లే తెల్లబడిందా, అప్పుడు భయపడండి, నీళ్లు కలిశాయన్నమాట."

తరవాత డిప్‌స్టిక్ లాగి చూపించేవాడు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండిని చదునైన చోట పెట్టి, పుల్ల తుడిచి మళ్లీ ముంచి చూడాలి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గినా ముప్పే, పై గీత దాటినా ముప్పే. చివర్లో తప్పకుండా ఎర్ర దీపం సంగతి చెప్పేవాడు.

"అది ఆయిల్ తగ్గుతోందని ముందుగా చెప్పే దీపం కాదు. లోపల ఆయిల్ తిరగడమే ఆగిపోయిందని చెప్పే దీపం. వెలిగిందంటే ఇంటికెళ్లి చూద్దాంలే అనుకోకూడదు. అక్కడికక్కడే పక్కకు తీసి ఆపెయ్యాలి. ఇంటి దగ్గర అత్తగారు గడియారం చూస్తూ కూర్చున్నా సరే."

అందరూ నవ్వేవారు. ఎవరూ మరిచిపోయేవారు కాదు.

మరపు ఆయనకే వచ్చింది. ఏడాది కిందట ఒకనాడు పోసిన బండికే మళ్లీ పోశాడు. పుల్ల మీద తడి పై గీతకు బెత్తెడు ఎత్తున ఉండడం చూసి, చిన్న మేస్త్రి మాట్లాడకుండా బండి కిందికి దూరి ఎక్కువైనది దించేశాడు. ఇంకోనాడు ఆయిల్ మూత బ్యాటరీ మీదే ఉండిపోయింది. ఇంకోనాడు పద్నాలుగో నంబరు పానా చేతిలో తిప్పుకుంటూ నిలబడి, "దీన్నేమంటార్రా?" అని అడిగాడు. తమ్ముడు చెప్పగానే నవ్వి, "పనిముట్లకు పేర్లెందుకులే, పని చేస్తే చాలు" అన్నాడు. చిన్న మేస్త్రికి నవ్వు రాలేదు.

అప్పటినుంచి అతనికో అలవాటైంది. అన్న చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లగానే, ఆయన చేసిన బండి బానెట్ ఎత్తి పుల్ల లాగి చూసేవాడు, మూత తిప్పి చూసేవాడు, కింద బోల్టు మీద వేలు పెట్టి చూసేవాడు. ఏడాదిలో ఏడుసార్లు తప్పు దొరికింది. ఏడుసార్లూ తనే సరిచేశాడు. అన్నకు చెప్పలేదు, వదినకూ చెప్పలేదు. నోరు విప్పి ఒక్క మాటంటే అది నిజమై ఇంట్లో కూర్చుంటుందని అతని భయం.

ఆ రోజు ఒక బండికి గాస్కెట్ కావలసివచ్చి బజారుకు వెళ్లాల్సొచ్చింది. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. ఆయిల్ పని ఏదైనా వస్తే నేనొచ్చేదాకా ఆపు అని చెప్పాలనిపించింది. ఆయిల్ పని నేర్పినవాడికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పకుండానే వెళ్లిపోయాడు.

రెండు గంటల తరవాత తిరిగొచ్చేసరికి పెద్ద మేస్త్రి స్టూలు మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు.

"దర్జీ బండి వచ్చింది. ఆయిల్ మార్చి పంపేశాను."

"లెవెల్ చూశావా అన్నా?"

"నాకే చెప్తున్నావట్రా?" అన్నాడు పెద్ద మేస్త్రి, కళ్లెగరేసి.

చిన్న మేస్త్రి జేబులోంచి ఫోన్ తీశాడు. దర్జీకి ఏమని చెప్పాలి? మా అన్న పని చేశాడు కదా, ఓసారి ఆపి చూసుకోండి అనా? ఫోన్ మళ్లీ జేబులో పెట్టేశాడు.

సాయంత్రం నాలుగున్నరకు టైర్ల కొట్టు ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. దర్జీ, ఆయన భార్య బడి పిల్లల యూనిఫారాల మూటలు వేసుకుని నది అవతలికి వెళ్తుంటే వంతెన మధ్యలో బండి ఉన్నట్టుండి ఆగిపోయిందట. వెనకొస్తున్న లారీ ఆపుకోలేకపోయిందట. దర్జీ ఆసుపత్రిలో ఉన్నాడు. ఆమె వంతెన మీదే పోయింది.

పెద్ద మేస్త్రి తల పట్టుకుని కూలబడ్డాడు. "అయ్యో, ఆ తల్లి నిన్నగాక మొన్న నా చొక్కాకు గుండీలు కుట్టింది" అని పదేపదే అనుకున్నాడు. చిన్న మేస్త్రి షెడ్డు వెనక్కి వెళ్లాడు. పాత ఆయిల్ తొట్టి నిండా ఉంది. కొత్త ఫిల్టర్ తాలూకు అట్టపెట్టె చించి పడేసి ఉంది. బల్ల కింద ఆయిల్ డబ్బా ఉంది. ఎత్తి చూశాడు. నిండుగా, బరువుగా ఉంది. మూత మీద సీలు తెగలేదు.

తరవాత ఆ డబ్బాను గోనెసంచిలో చుట్టి పై గదిలో మంచం కింద పెట్టాడు. ఎందుకు దాస్తున్నాడో అప్పటికి ఆలోచించలేదు.

మర్నాడు వాహనాల ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు పెంచి మాట్లాడే రకం కాదు. "ఇంజన్ పట్టేసింది. కింద బోల్టు గట్టిగానే బిగించి ఉంది, కారిపోలేదు. లోపల చుక్క లేదు. ఫిల్టర్ కొత్తది, అదీ పొడిగా ఉంది. పాతది తీశారు, కొత్తది పోయలేదు. ఎవరు చేశారు ఈ పని?"

"నేనే పోశాను సార్" అన్నాడు పెద్ద మేస్త్రి. "నా చేత్తో పోశాను. గరాటు పెట్టి పోశాను. స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఆగి, పుల్ల కూడా చూశాను. రెండు గీతల మధ్య ఉంది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. చిన్న మేస్త్రికి అది ఆ ముఖంలోనే కనిపించింది. ముప్ఫై ఏళ్లుగా పోసిన వేల బండ్లలోంచి ఏదో ఒకటి వచ్చి ఆయన కళ్ల ముందు నిలబడింది. ఇన్‌స్పెక్టర్ కాగితం మీద కలం పెట్టాడు. ఒకటి రెండు ప్రశ్నలు వేస్తే చాలు, తేదీ ఎంతని అడిగితే చాలు, అన్న గుట్టు నలుగురిలో పడుతుంది.

"సార్, ఆ బండి చేసింది నేను" అన్నాడు చిన్న మేస్త్రి. "అన్నా, నువ్వు వేరే బండి సంగతి చెప్తున్నావు. దర్జీ బండి కింద ఉన్నది నేను. పాతది దించాక ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చి, పోశాననుకుని తాళాలు నీకిచ్చాను. నువ్వు ఆయనకిచ్చావు."

పెద్ద మేస్త్రి తమ్ముడి వంక చూశాడు. ఆ ముఖంలో ముందు కనిపించింది ఊరట. మునిగిపోతున్నవాడికి కాలికింద నేల తగిలినట్టు ఉంది. ఆ వెంటనే ముఖం గడ్డకట్టింది. ఇన్‌స్పెక్టర్ రాసుకుని, సంతకం పెట్టించుకుని, కేసు నడుస్తుందని చెప్పి వెళ్లాక పెద్ద మేస్త్రి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఎన్నిసార్లు చెప్పానురా నీకు, పాతది దించాక బండి వదిలి కదలొద్దని?"

"తప్పైపోయింది అన్నా."

"తప్పు కాదు. మనిషి పోయింది." గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "ఇకమీదట నా షెడ్డులో నువ్వు బోల్టు ముట్టుకోవద్దు. నీ చేతి మీద నాకు నమ్మకం పోయింది. వెళ్లు."

వదిన గుమ్మంలో నిలబడి చేతిలోని గుడ్డను మెలిపెడుతూ ఉంది. ఆమె మరిది వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. ఆ చూపు అర్థం అతనికి తరవాత గానీ తెలియలేదు.

బస్సు డిపోలో బస్సులు కడిగే పని దొరికింది. ఇంజన్ ముట్టుకునే పని కాదు కాబట్టి అతనే కోరి తీసుకున్నాడు. ఊరి చివర ఒక గది చూసుకుని, ఆ గోనెసంచిని కూడా అక్కడికే తెచ్చుకున్నాడు. పగలంతా గొట్టం పట్టుకుని చక్రాల మీది బురద కొడుతుంటే బుర్ర ఖాళీగా ఉండేది. అన్న పరువు నిలబెట్టాను అని తనకు తాను చెప్పుకునేవాడు. ఆ మాటకు ఇంకో వైపుందని గుర్తొచ్చినప్పుడల్లా నీళ్లు ఇంకా గట్టిగా తిప్పేవాడు. అన్న అక్కడ ఒంటరిగా బండ్లు చేస్తున్నాడు. వెనకాల పుల్ల లాగి చూసేవాళ్లు లేరు.

ఆరు వారాలకు వదిన డిపోకు వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, బస్సు నీడలో నిలబడి చాలాసేపు ఊపిరి తీసుకుంది.

"చిన్నా, ఒక్క మాటడుగుతాను. ఆ బండి నువ్వు చెయ్యలేదు కదూ?"

అతను గొట్టం పక్కనున్న చక్రం వైపు తిప్పాడు.

"నాకు ఆ రోజే తెలుసు. నువ్వు బజారుకు వెళ్తూ నాకేమైనా కావాలా అని అడిగి వెళ్లావు. తెలిసీ నోరు మూసుకున్నాను. ఆయన్ని కాపాడావని మనసులో నీకు దణ్ణం పెట్టుకున్నాను."

"వదినా, ఆయనకు మరపు..."

"ఏణ్ణర్థమైంది. చెప్పులు ఫ్రిజ్‌లో పెట్టారు. ఒకరోజు, ఎప్పుడో పోయిన వాళ్లమ్మ ఎక్కడని నన్నడిగారు. నీకు తెలియకూడదని నేను సర్దుతూ వచ్చాను. నాకు తెలియకూడదని నువ్వు సర్దుతూ వచ్చావు." ఆమె నవ్వబోయింది, రాలేదు. "ఇద్దరం కలిసి ఆయన్ని భలే దాచాం."

తరవాత వచ్చిన పని చెప్పింది. నిన్న ఒక నర్సమ్మ బండి వచ్చింది. పెద్ద మేస్త్రి పాతది దించి, బోల్టు బిగించి, తాళాలు చేతికిచ్చేశాడు. వదిన ఆ ఆరు వారాలుగా కిటికీలోంచి చూస్తూ, డబ్బాలు లెక్కపెడుతూ ఉంది కాబట్టి పరిగెత్తుకెళ్లి ఆపింది. ఆమె పొయ్యి దగ్గర ఉండి ఉంటే నర్సమ్మ వెళ్లిపోయేది. బండిలో వెనక ఇద్దరు పసిపిల్లలున్నారు.

చిన్న మేస్త్రి కుళాయి కట్టేశాడు.

అన్న దగ్గరికి వెళ్లేముందు దర్జీ దగ్గరికి వెళ్లాడు. దర్జీ కొట్టు తెరిచే ఉంది. ఒక కాలికి ఇంకా కట్టుంది, ఒక్క కాలితోనే మిషన్ తొక్కుతున్నాడు. అంతకుముందు రెండుసార్లు క్షమించమని వచ్చినప్పుడు దర్జీ తలుపు వేసేశాడు. ఈసారి వెయ్యలేదు, కూర్చోమననూ లేదు.

చిన్న మేస్త్రి నిలబడే అంతా చెప్పాడు. సీలు తెగని డబ్బా సంగతి, ఏడుసార్లు సరిచేసిన సంగతి, ఫోన్ తీసి మళ్లీ జేబులో పెట్టుకున్న సంగతి. దర్జీ మిషన్ ఆపి, సూది కింద ఉన్న గుడ్డను చూస్తూ విన్నాడు.

"దీపం వెలిగింది" అన్నాడు చివరికి. "మీ షెడ్డు గేటు దాటకముందే వెలిగింది. మా ఆవిడ అడిగింది కూడా, ఆ ఎర్రదేమిటని. దీపం వెలిగితే ఆపాలని నాకు చెప్పింది మీ అన్నే. ఆపాలనే అనుకున్నాను. కానీ ఆయన చేతిలోంచి వస్తున్న బండికి ఏమవుతుంది, దీపమే చెడిపోయి ఉంటుంది అని చెప్పాను ఆవిడకు." సూది కింది గుడ్డను సాపు చేశాడు. "దీపం కంటే ఆయన మీదే నాకు నమ్మకం ఎక్కువ."

"నన్నేమైనా అనండి."

"ఏమనాలి? ఇన్నాళ్లూ నిన్ను తిట్టుకుంటూ పొద్దు పుచ్చాను. పొద్దున లేవగానే నీ ముఖం గుర్తు తెచ్చుకుని లేచేవాణ్ణి. ఇప్పుడొచ్చి నేను కాదంటున్నావు. చేసినాయనకేమో చేసినట్టే తెలియదంటున్నావు. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషైనా మిగల్లేదు కదయ్యా నాకు."

మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

షెడ్డులో పెద్ద మేస్త్రి పానాలు తుడిచి వరసగా పెడుతున్నాడు. తమ్ముణ్ణి చూడగానే ముఖం చిట్లించాడు. చిన్న మేస్త్రి గోనెసంచి విప్పి డబ్బా ఆయన ముందు పెట్టాడు. వదిన స్టూలు తెచ్చి భర్త పక్కన కూర్చుంది.

చెప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. పెద్ద మేస్త్రి సీలు మీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు.

"నువ్వు బజారులో ఉన్నావా ఆ రోజు?"

"ఉన్నాను అన్నా."

"నేనే అన్నమాట."

"ఒంట్లో బాగోక జరిగింది. నీ తప్పు..."

"ఆగు." ఆయన చెయ్యెత్తాడు. ఆ క్షణంలో ఆ కళ్లు పాత పెద్ద మేస్త్రి కళ్లలా తేటగా ఉన్నాయి. "మరిచిపోవడం నా తప్పు కాదనుకో. తెలిసినవాడివి నువ్వు. తెలిసీ నన్ను మళ్లీ బండి కింద పడుకోబెట్టావు. నా తప్పు నీ నెత్తినేసుకుంటే ఆ నర్సమ్మ పిల్లలు బతుకుతారా? నా పరువు గురించి ఎవడడిగాడురా నిన్ను?"

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు చిన్న మేస్త్రి అన్న కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాడు. పెద్ద మేస్త్రి అతన్ని ఓదార్చలేదు. లేచి, చేతులు కడుక్కుని, షెడ్డు తాళాలు భార్య ఒడిలో పెట్టాడు. "నేను అడిగినా ఇవ్వకు. ఏడ్చినా ఇవ్వకు" అన్నాడు.

మర్నాడు ముగ్గురూ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లారు. ఆయన పంపిన ఆసుపత్రిలో డాక్టర్లు పెద్ద మేస్త్రి తలకు ఏవో చిత్రాలు తీసి, ఆ జబ్బు పేరు చెప్పి, ముదురుతుందే తప్ప తగ్గదన్నారు. పెద్ద మేస్త్రి మీద కేసు ఆగిపోయింది. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు చిన్న మేస్త్రికి నాలుగు నెలల జైలు పడింది. అతను అది ఎక్కువనుకోలేదు.

తిరిగొచ్చేసరికి అన్న సగం అయిపోయాడు. రోజూ పొద్దున్నే షెడ్డు గుమ్మం ముందు నిలబడి, "ఏరా, ఇంకా తియ్యలేదేం?" అని అడిగేవాడు. మళ్లీ అబద్ధం చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాడు చిన్న మేస్త్రి. అందుకని నిజమే చెప్పేవాడు. ఆయన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విని, కొత్తగా కూలబడేవాడు. మధ్యాహ్నం దాకా ముద్ద ముట్టేవాడు కాదు. సాయంత్రానికి మరిచిపోయేవాడు. మర్నాడు మళ్లీ గుమ్మం ముందుండేవాడు.

పన్నెండో రోజున వదిన అడ్డుపడింది. "ఆవిడ ఒకసారే పోయింది. నువ్వు రోజూ చంపుతున్నావు. ఆయన చేతిలో ఇక బండి పెట్టం కదా, ఇంకెందుకు నీకీ నిజం?"

ఆ రోజునుంచి అతను "ఇవాళ సెలవన్నా" అనడం నేర్చుకున్నాడు. నిజం వల్లా అబద్ధం వల్లా ఒకే రకం బరువు మిగులుతుందని అతను అనుకోలేదెప్పుడూ.

ఒక శుక్రవారం అన్నను నడకకు తీసుకెళ్లాడు. వీధి మలుపులో ఎవరో పలకరిస్తే చిన్న మేస్త్రి నాలుగు మాటలు మాట్లాడాడు. తిరిగి చూసేసరికి పక్కన అన్న లేడు. రోడ్డు దాటి దర్జీ కొట్టులోకి నడుస్తున్నాడు. అతను పరిగెత్తుకెళ్లేలోపే పెద్ద మేస్త్రి బల్ల ముందున్న కుర్చీలో కూర్చున్నాడు.

"చొక్కా భుజం దగ్గర బిగుతవుతోందండీ" అంటున్నాడు. "కాస్త వదులు చెయ్యాలి."

దర్జీ కత్తెర కింద పెట్టి ఆయన్ని చూశాడు. చిన్న మేస్త్రి గుమ్మంలో నిలబడిపోయాడు. ముందుకు రావాలో, అన్నను లాక్కెళ్లాలో తెలియలేదు.

పెద్ద మేస్త్రి కొట్టంతా కలియజూశాడు. "అమ్మగారు కనిపించడం లేదే?"

మిషన్ పక్కనున్న రెండో కుర్చీ మీద గుడ్డల మూటలు పేర్చి ఉన్నాయి. దర్జీ వాటివైపు చూడలేదు. మెడలోని టేపు తీసి, లేచి కుంటుకుంటూ వచ్చి, పెద్ద మేస్త్రి భుజాల మీద పరిచాడు. ఒకసారి కొలిచిందే మళ్లీ కొలిచాడు.

"వాళ్ల చెల్లెలి ఇంటికెళ్లింది" అన్నాడు.

"రాగానే అడిగానని చెప్పండి."

"చెప్తాను."

చిన్న మేస్త్రి అన్న చెయ్యి పట్టుకుని లేపాడు. గుమ్మం దాటుతుండగా దర్జీ వెనకనుంచి పిలిచాడు. గొంతులో కోపం లేదు, మరేమీ కూడా లేదు.

"చొక్కా నేనే పంపిస్తాను. ఆయన్ని మళ్లీ ఇక్కడికి తీసుకురాకు."

చిన్న మేస్త్రి తలూపాడు. పెద్ద మేస్త్రి అప్పటికే రోడ్డు మీద ఆగి ఉన్న ఏదో కారు బానెట్ మీద చెయ్యి వేసి, వేడి చూస్తున్నాడు. అతను వెళ్లి ఆ చేతిని మెల్లగా తీసి, తన చేతిలో పెట్టుకుని, ఇంటివైపు నడిపించాడు.